అభ్యాసకుల నిఘంటువు

అభ్యాసకుల నిఘంటువు అనగా ఒక భాషను మాతృభాషగా కాక పరభాషగా నేర్చుకొనేవారి కోసం ప్రత్యేకంగా కూర్చిన ఏకభాషా నిఘంటువు. ఇందులో ప్రతి పదానికీ అదే భాషలో, సులభమైన మాటలతో నిర్వచనం ఉంటుంది. ఆ పదాన్ని వాక్యంలో ఎలా వాడాలో తెలిపే ఉదాహరణలు కూడా ఉంటాయి. ఇటువంటి నిఘంటువులు అనేక భాషలలో ఉన్నప్పటికీ, వీటి పుట్టుక, పెరుగుదల ప్రధానంగా ఇంగ్లీషు భాషా బోధనతో ముడిపడి ఉన్నాయి. 20వ శతాబ్దపు తొలి సగంలో బెంగాలులోను, జపానులోను ఇంగ్లీషు బోధించిన ఉపాధ్యాయుల అనుభవం నుండి ఇవి రూపుదిద్దుకొన్నాయి.

సాధారణ నిఘంటువు ప్రధానంగా "ఈ పదానికి అర్థమేమి?" అనే ప్రశ్నకు సమాధానమిస్తుంది. అభ్యాసకుల నిఘంటువు దానితోపాటు "ఈ పదాన్ని ఎలా వాడాలి?" అనే ప్రశ్నకు కూడా సమాధానమిస్తుంది. మొదటి పనిని నిర్వచనం, రెండవ పనిని ఉదాహరణ వాక్యం నిర్వహిస్తాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కదానితో నేర్చుకొన్నా పదజ్ఞానం అసంపూర్ణంగా మిగిలిపోయే అవకాశం ఉంది.

పదజ్ఞానం

ఒక పదం "తెలియడం" అంటే దాని అర్థం చెప్పగలగడం మాత్రమే కాదు. న్యూజీలాండుకు చెందిన భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2001లో ప్రచురించిన గ్రంథంలో పదజ్ఞానాన్ని రూపం, అర్థం, ప్రయోగం అని మూడు భాగాలుగా విభజించాడు. ఉచ్చారణ, వర్ణక్రమం, పదంలోని అవయవాలు రూపానికి చెందుతాయి. పదం సూచించే భావం, దానితో సంబంధమున్న ఇతర పదాలు అర్థానికి చెందుతాయి. పదం వాక్యంలో ఏ నిర్మాణంలో ఇముడుతుంది, ఏ పదాల పక్కన వస్తుంది, ఏ సందర్భంలో తగును, ఏ సందర్భంలో తగదు అనేవి ప్రయోగానికి చెందుతాయి.

చదివినప్పుడు లేక విన్నప్పుడు మాత్రమే గుర్తుపట్టగలిగే పదజాలాన్ని గ్రహణ పదజాలమని, స్వయంగా మాట్లాడేటప్పుడు, వ్రాసేటప్పుడు వాడగలిగే పదజాలాన్ని ఉత్పాదక పదజాలమని వ్యవహరిస్తారు. ఏ అభ్యాసకునికైనా మొదటిదానికంటే రెండవది తక్కువగానే ఉంటుంది. పదాన్ని దాని అర్థంతో జతచేసి కంఠస్థం చేసినవారికి గ్రహణం కొంత సాధ్యమవుతుంది గాని, ప్రయోగం వద్ద ఆటంకం ఎదురవుతుంది.

ఉదాహరణకు "అఫోర్డ్" అనే క్రియకు "కొనడానికి తగినంత డబ్బు కలిగి ఉండు" అని నిర్వచనం చెప్పవచ్చు. ఈ నిర్వచనం సరైనదే. కానీ దీనిని మాత్రమే నేర్చుకొన్న విద్యార్థి "హి అఫోర్డ్స్ ఎ కార్" అని వ్రాసే అవకాశం ఉంది. ఈ అర్థంలో ఇంగ్లీషువారు ఆ క్రియను సాధారణంగా ఒంటరిగా వాడరు. "కెన్", "కుడ్" వంటి సహాయక క్రియలతో, అందునా తరచుగా వ్యతిరేకార్థంలో వాడతారు. "దే కెనాట్ అఫోర్డ్ ఎ న్యూ హౌస్" (వారికి కొత్త ఇల్లు కొనే స్తోమత లేదు), "వి కుడ్ నాట్ అఫోర్డ్ టు వెయిట్" (ఆగి చూసే వెసులుబాటు మాకు లేకపోయింది) అనే రెండు వాక్యాలు చదివినవారికి ఈ సంగతి ఏ వ్యాకరణ సూత్రమూ లేకుండానే బోధపడుతుంది. పైగా రెండవ వాక్యం వల్ల ఈ పదం డబ్బుకే పరిమితం కాదని కూడా తెలుస్తుంది.

చరిత్ర

తొలి ఇంగ్లీషు నిఘంటువులు

ఇంగ్లీషు పదాలకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పిన మొదటి నిఘంటువుగా రాబర్ట్ కాడ్రీ 1604లో వెలువరించిన "ఎ టేబుల్ ఆల్ఫబెటికల్" ను పేర్కొంటారు. దీనిలో సుమారు 2,500 కఠిన పదాలకు క్లుప్తంగా అర్థాలున్నాయి. అందరికీ తెలిసిన పదాలను ఇందులో చేర్చలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ ప్రచురించిన నిఘంటువులో 42,000కు పైగా ఆరోపాలు (నిఘంటువులో అర్థం చెప్పడానికి ఎత్తుకొన్న పదాలు), లక్షకు పైగా గ్రంథ ఉల్లేఖనాలు ఉన్నాయి. నిర్వచనం పక్కన ప్రయోగాన్ని చూపడం ఇంగ్లీషు నిఘంటువులలో దీనితో బలపడింది. 1884 నుండి భాగాలుగా వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఈ పద్ధతిని చారిత్రక దృష్టితో విస్తరించింది.

అయితే ఇవన్నీ ఇంగ్లీషు మాతృభాషగా కలవారి కోసం ఉద్దేశించినవి. వీటిలోని నిర్వచనాలు కొన్ని మూలపదం కంటే కఠినంగా ఉండేవి. వల వంటి అల్లికను సూచించే "నెట్‌వర్క్" అనే తేలిక పదానికి జాన్సన్ లాటిన్ మూలాలు గల మూడు కఠిన పదాలను ఉపయోగించి ఇచ్చిన నిర్వచనం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పరభాషీయులకు ఇటువంటి నిర్వచనం వల్ల ఒక తెలియని పదానికి బదులు మరికొన్ని తెలియని పదాలు ఎదురవుతాయి.

బెంగాలు: మైకేల్ వెస్ట్

మైకేల్ వెస్ట్ (1888-1973) భారతీయ విద్యాసేవలో చేరి బెంగాలులోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేశాడు. అక్కడి విద్యార్థులకు ఇంగ్లీషు పుస్తకాలు చదవగలిగే శక్తి ముందుగా అవసరమని ఆయన భావించాడు. పాఠ్యపుస్తకాలలో అరుదైన పదాలు ఎక్కువగా ఉండటం, కొత్త పదాలు మరీ దగ్గరదగ్గరగా రావడం ఇందుకు అడ్డంకిగా ఉన్నాయని గమనించి, పరిమిత పదజాలంతో వాచకాలను తయారుచేశాడు. ద్విభాషా సమస్యపై ఆయన రచన 1926లో వెలువడింది.

ఇదే సూత్రాన్ని నిఘంటువుకు అన్వయించి, జేమ్స్ ఎండికాట్‌తో కలిసి వెస్ట్ 1935లో "న్యూ మెథడ్ ఇంగ్లీష్ డిక్షనరీ" ని ప్రచురించాడు. ఇందులో సుమారు 24,000 పదాలు, జాతీయాలకు అర్థాలను కేవలం 1,490 పదాలతో వివరించారు. ఇలా నిర్వచనాలు వ్రాయడానికి ముందుగా ఎంచుకొన్న పదాల సమూహాన్ని "నిర్వచన పదజాలం" అంటారు. ఆ కొద్ది పదాలు వచ్చినవారు నిఘంటువులోని మిగిలిన పదాలన్నింటి అర్థాలను ఇంగ్లీషులోనే తెలుసుకోగలగడం దీని ఉద్దేశం. 1930లో సి.కె. ఆగ్డెన్ ప్రతిపాదించిన 850 పదాల "బేసిక్ ఇంగ్లీష్" కూడా ఇదే కాలానికి చెందినది. కాని అది నిఘంటువు కాదు. అంతర్జాతీయ వ్యవహారానికి ఉద్దేశించిన సరళీకృత భాష.

జపాను: పామర్, హార్న్‌బీ

హెరాల్డ్ పామర్ (1877-1949) 1922లో జపానుకు వెళ్ళి, మరుసటి సంవత్సరం టోక్యోలో ఏర్పడిన ఆంగ్ల బోధనా పరిశోధన సంస్థకు సారథ్యం వహించాడు. పద సంఖ్య కంటే ఒక్కొక్క పదం ప్రవర్తించే తీరు ఆయన పరిశోధనకు ముఖ్య విషయం. 1938లో వెలువడిన ఆయన గ్రంథం "ఎ గ్రామర్ ఆఫ్ ఇంగ్లీష్ వర్డ్స్" సుమారు వేయి సామాన్య పదాలను మాత్రమే తీసుకొని, ఒక్కొక్కటి ఏయే వాక్య నిర్మాణాలలో వస్తుందో విశదీకరించింది.

1924లో జపానులోని ఒయితాలో అధ్యాపకుడిగా చేరిన ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ (1898-1978) తరువాత పామర్‌తో కలిసి పనిచేశాడు. 1936లో పామర్ స్వదేశానికి వెళ్ళిన తరువాత ఆ పరిశోధనను హార్న్‌బీ కొనసాగించాడు. ఇ.వి. గేటెన్‌బీ, హెచ్. వేక్‌ఫీల్డ్‌లతో కలిసి ఆయన కూర్చిన "ఇడియమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీ" 1942లో టోక్యోలో కైతాకుషా సంస్థ ద్వారా వెలువడింది. అప్పటికే జపాను, బ్రిటన్‌ల మధ్య యుద్ధం మొదలైంది. నిర్బంధంలో ఉన్న హార్న్‌బీ అదే సంవత్సరం జపాను విడిచి వెళ్ళాడు.

యుద్ధానంతరం 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఈ గ్రంథాన్ని "ఎ లెర్నర్స్ డిక్షనరీ ఆఫ్ కరెంట్ ఇంగ్లీష్" అనే పేరుతో పునర్ముద్రించింది. 1952లో దీని పేరుకు "అడ్వాన్స్‌డ్" అనే మాట చేరింది. 1974 నాటి మూడవ కూర్పు నుండి ఇది ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీగా ప్రసిద్ధి పొందింది. పదవ కూర్పు 2020లో వెలువడింది. ప్రతి క్రియ ఏ వాక్య నమూనాను అనుసరిస్తుందో సంకేతాలతో సూచించడం, నామవాచకం లెక్కపెట్టదగినదా కాదా అని తెలపడం, చిన్నచిన్న ఉదాహరణలను విరివిగా ఇవ్వడం ఈ నిఘంటువుతో స్థిరపడిన సంప్రదాయాలు.

లాంగ్‌మన్, కోబిల్డ్

పాల్ ప్రోక్టర్ ప్రధాన సంపాదకుడిగా 1978లో వెలువడిన లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కంటెంపరరీ ఇంగ్లీష్ సుమారు 2,000 పదాల నిర్వచన పదజాలాన్ని నియమబద్ధంగా పాటించింది. ఈ పదాల జాబితాను పుస్తకంలోనే అచ్చువేశారు. నిర్వచనంలో జాబితాకు వెలుపలి పదం వాడవలసి వస్తే దానిని వేరే రకం అక్షరాలలో చూపారు. తరువాతి కాలంలో ఇతర ప్రచురణకర్తలు కూడా ఇటువంటి జాబితాలను ఏర్పరచుకొన్నారు.

1980లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, కాలిన్స్ ప్రచురణ సంస్థ కలిసి జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో "కోబిల్డ్" అనే పథకాన్ని ప్రారంభించాయి. పుస్తకాలు, పత్రికలు, సంభాషణల నుండి సేకరించి కంప్యూటరులో నిక్షిప్తం చేసిన పాఠ్య సంచయాన్ని "కార్పస్" అంటారు. సుమారు 2 కోట్ల పదాల కార్పస్‌ను పరిశీలించి రూపొందించిన కోబిల్డ్ నిఘంటువు 1987లో వెలువడింది. ఇది నిఘంటు నిర్మాణంలో రెండు మార్పులను తెచ్చింది. మొదటిది, ఉదాహరణలను సంపాదకులు కల్పించక కార్పస్ నుండి గ్రహించడం. రెండవది, నిర్వచనాన్ని కూడా పూర్తి వాక్యంగా వ్రాయడం.

1995లో ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కోబిల్డ్ నిఘంటువుల కొత్త కూర్పులతోపాటు కేంబ్రిడ్జ్ వారి మొదటి అభ్యాసకుల నిఘంటువు కూడా విడుదలైంది. మాక్‌మిలన్ నిఘంటువు 2002లోను, అమెరికన్ ఇంగ్లీషుకు ప్రాధాన్యమిచ్చిన మెరియమ్-వెబ్‌స్టర్ అభ్యాసకుల నిఘంటువు 2008లోను వెలువడ్డాయి. 21వ శతాబ్దంలో ఇవి క్రమంగా అంతర్జాలానికి చేరాయి. మాక్‌మిలన్ సంస్థ 2012లో అచ్చు నిఘంటువులను నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. 2023లో దాని అంతర్జాల నిఘంటువు కూడా మూతపడింది.

నిర్వచనం

అభ్యాసకుల నిఘంటువులలో నిర్వచనాలు ప్రధానంగా ఈ క్రింది రకాలుగా కనిపిస్తాయి.

* విశ్లేషణాత్మక నిర్వచనం: పదం ఏ జాతికి చెందినదో ముందుగా చెప్పి, ఆ జాతిలోని ఇతరాల నుండి దానిని వేరుచేసే లక్షణాలను తెలుపుతుంది. "కత్తెర - రెండు అలుగులు ఒకచోట బిగించి ఉన్న, కత్తిరించడానికి వాడే పనిముట్టు" అనేది ఈ రకం. నామవాచకాలకు ఇది బాగా కుదురుతుంది.
* పర్యాయపద నిర్వచనం: మరొక పదంతో అర్థం చెబుతుంది. క్లుప్తంగా ఉంటుంది కానీ, రెండు పదాల మధ్య గల భేదాన్ని మరుగుపరుస్తుంది.
* పూర్ణవాక్య నిర్వచనం: కోబిల్డ్ అనుసరించిన పద్ధతి. "ఒకరు ఒక పనికి రెలక్టెంట్‌గా ఉన్నారంటే, ఆ పని చేయడానికి వారికి మనసొప్పక వెనుకాడుతున్నారని అర్థం" అనే తీరులో ఉంటుంది. పదం మనుషులకు వర్తిస్తుందా, వస్తువులకు వర్తిస్తుందా అనే సంగతి నిర్వచనంలోనే తెలిసిపోతుంది. నిడివి ఎక్కువ కావడం దీనిలోని లోపం.
* చిత్ర నిర్వచనం: పక్షులు, పనిముట్లు, యంత్ర భాగాలు వంటి వాటికి బొమ్మ వేయడం. మాటల కంటే బొమ్మ త్వరగా అర్థమయ్యే చోట దీనిని వాడతారు.

మంచి నిర్వచనానికి రెండు లక్షణాలు అవసరం. నిర్వచించే పదాలు నిర్వచించబడే పదం కంటే సులభంగా ఉండాలి. "అ" కు "ఆ" అని, "ఆ" కు "అ" అని తిప్పి చెప్పే చక్రదోషం ఉండరాదు. నిర్వచన పదజాలాన్ని పరిమితం చేయడం వల్ల ఈ దోషం తగ్గుతుంది.

ఉదాహరణ వాక్యం

ఉదాహరణ వాక్యం నిర్వచనానికి అలంకారం కాదు. నిర్వచనంలో చెప్పడానికి వీలులేని సమాచారాన్ని అది అందిస్తుంది. వాటిలో ముఖ్యమైనవి:

* వ్యాకరణ నిర్మాణం: "రెలక్టెంట్" తరువాత "టు", దాని తరువాత క్రియ వస్తాయని "షి వాజ్ రెలక్టెంట్ టు లీవ్ హర్ విలేజ్" (ఊరు విడిచి వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదు) అనే వాక్యం చూపుతుంది.
* సహచర పదాలు: ప్రతి భాషలోను కొన్ని పదాలు కొన్నింటితోనే జతకడతాయి. తెలుగులో పొగ తాగుతారు, ఒట్టు పెడతారు, దెబ్బ తింటారు. ఈ జతలను అర్థాన్ని బట్టి ఊహించలేము. అలాగే ఇంగ్లీషులో పొరపాటుకు "మేక్", నేరానికి "కమిట్", ఇంటిపనికి "డూ" అనే క్రియలు జతకడతాయి.
* ఔచిత్యం: పదం మర్యాదకు తగినదా, అధికారిక లేఖలకు తగినదా, స్నేహితుల సంభాషణకే పరిమితమా అనే విషయం వాక్య సందర్భాన్ని బట్టి తెలుస్తుంది.
* అర్థభేదం: ఒకే పదానికి పలు అర్థాలున్నప్పుడు ఒక్కొక్క అర్థాన్ని వేరుగా గుర్తించడానికి ఉదాహరణ తోడ్పడుతుంది.

ఉదాహరణలు కల్పితమై ఉండాలా, వాస్తవ ప్రయోగాలై ఉండాలా అనే విషయమై కోబిల్డ్ వెలువడిన నాటి నుండి చర్చ జరిగింది. కల్పిత వాక్యాలు సులభంగా, సూటిగా ఉంటాయి. కానీ ఎవరూ నిజంగా పలకని కృత్రిమ వాక్యాలయ్యే ప్రమాదం ఉంది. కార్పస్ వాక్యాలు సహజంగా ఉంటాయి. కానీ ముందువెనుకల సందర్భం తెలియకపోవడం, వ్యక్తుల పేర్లు, మరికొన్ని కఠిన పదాలు అడ్డురావడం వల్ల అభ్యాసకునికి భారమవుతాయి. కార్పస్ నుండి వాక్యాలను ఎంచుకొని, అవసరమైన చోట కుదించడం తరువాతి కాలంలో వ్యాప్తిలోకి వచ్చింది. వాక్యపు నిడివి, అందులోని పదాల వాడుక వంటి గుణాలను లెక్కించి తగిన ఉదాహరణలను వేరుచేసే "జీడెక్స్" అనే కంప్యూటరు పద్ధతిని ఆడమ్ కిల్‌గారిఫ్, ఆయన సహచరులు 2008లో ప్రకటించారు.

పరిశోధనలు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జార్జి మిల్లర్, పట్రీషియా గిల్డియా 1987లో "సైంటిఫిక్ అమెరికన్" పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో తరచుగా ఉదహరించబడుతుంది. పాఠశాల పిల్లలకు తెలియని పదాలను, వాటి నిఘంటు నిర్వచనాలను ఇచ్చి సొంత వాక్యాలు వ్రాయమన్నప్పుడు, చాలామంది నిర్వచనంలో తమకు తెలిసిన ఒక మాటను పట్టుకొని, దానితో వాక్యం ఊహించుకొని, ఆ మాట స్థానంలో కొత్త పదాన్ని ఉంచారు. "ఇరోడ్" (కోతకు గురిచేయు) అనే పదం నిర్వచనంలో "తినివేయు" అనే భావం గల ఇంగ్లీషు మాటలుండగా, అవే మాటలకు "బయట భోజనం చేయు" అనే అర్థం కూడా ఉండటంతో, తమ కుటుంబం తరచుగా "ఇరోడ్" చేస్తుందని ఒక వాక్యం వచ్చింది. ప్రేరేపించు అనే అర్థం గల "స్టిమ్యులేట్" ను సూపు కలియబెట్టడానికి వాడిన వాక్యం కూడా అటువంటిదే.

అదే వ్యాసం ప్రకారం ఉదాహరణ వాక్యం మాత్రమే ఇచ్చినప్పుడు కూడా పొరపాట్లు జరిగాయి. సింహాసనాన్ని అన్యాయంగా ఆక్రమించడాన్ని తెలిపే "యుసర్ప్" అనే క్రియను ఒక వాక్యంలో చూసిన పిల్లలు దానికి "తీసుకొను" అని అర్థం ఊహించుకొని, గదిలోని కుర్చీని తీసుకుపోవడానికి కూడా వాడారు. ఒక వాక్యం అనేక అర్థాలకు తావిస్తుంది. వాటిలో సరైనదానిని నిర్ధారించడానికి నిర్వచనం అవసరం.

పరభాషా అభ్యాసకులపై బాటియా లాఫర్ 1993లో ప్రచురించిన పరిశోధనలో, కొత్త పదాన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క ఉదాహరణ కంటే ఒక్క నిర్వచనం మేలని, రెండూ కలిసి ఉండటం అన్నిటికంటే మేలని తేలింది. అనా ఫ్రాంకెన్‌బర్గ్-గార్సియా 2012, 2014లలో ప్రచురించిన పరిశోధనలు ఒకటి కంటే ఎక్కువ ఉదాహరణలు ఇస్తే అవి అర్థగ్రహణకు దాదాపు నిర్వచనమంత ఉపకరిస్తాయని, సొంతంగా వాక్యం వ్రాయడానికి మాత్రం ప్రయోగాన్ని చూపే ఉదాహరణలు మరింత అవసరమని సూచించాయి.

తెలుగు అభ్యాసకులు

తెలుగువారికి ఇంగ్లీషు పదాలు నేర్చుకోవడంలో చిరకాలంగా తోడ్పడినవి ద్విభాషా నిఘంటువులు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) కూర్చిన తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు 1850వ దశకంలో మద్రాసులో వెలువడ్డాయి. ఇంగ్లీషు-ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు అభ్యాసకుల నిఘంటువులోని నిర్వచనాన్ని, ఉదాహరణను ఉంచుతూనే తెలుగు సమానార్థకాన్ని చేరుస్తాయి. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం 1958లో హైదరాబాదులో ప్రారంభమైన కేంద్ర ఆంగ్ల సంస్థ, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది.

తెలుగు సమానార్థకాన్ని మాత్రమే నేర్చుకోవడం వల్ల సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు:

* ఒక తెలుగు పదానికి పలు ఇంగ్లీషు పదాలు: "చెప్పు" అనే క్రియకు ఇంగ్లీషులో "సే", "టెల్" అని వేర్వేరు పదాలున్నాయి. ఎవరికి చెప్పారో "టెల్" వెంటనే వస్తుంది, "సే" వెంటనే రాదు. "చూడు" అనే మాటకు "సీ", "లుక్", "వాచ్" అనేవి ఉన్నాయి.
* ఒక ఇంగ్లీషు పదానికి పలు తెలుగు పదాలు: తెలుగులో కట్టెలు కొడతారు, గడ్డి కోస్తారు, కూరగాయలు తరుగుతారు, జుట్టు కత్తిరిస్తారు. వీటన్నింటికీ ఇంగ్లీషులో "కట్" సరిపోతుంది.
* విభక్తులు: తెలుగులో ఒక విషయం గురించి చర్చిస్తారు, ఒకరితో పెళ్ళి జరుగుతుంది. ఇంగ్లీషులో "డిస్కస్" తరువాత "అబౌట్" గాని, "మ్యారీ" తరువాత "విత్" గాని రావు.
* వచనం: తెలుగులో సలహాలు అనే బహువచనం సహజం. ఇంగ్లీషులో "అడ్వైస్", "ఫర్నిచర్", "ఇన్ఫర్మేషన్" అనేవి ఈ అర్థాలలో బహువచన ప్రత్యయం లేనివి.
* ధ్వని: "ఫేమస్", "నోటోరియస్" రెండింటికీ ప్రసిద్ధి అనే భావం ఉన్నా, రెండవది చెడుకు సంబంధించినది. తెలుగులో పేరుగాంచిన వైద్యుడు, పేరుమోసిన దొంగ అనడంలో ఉన్న భేదమే ఇక్కడా ఉంది.
* తెలుగులో స్థిరపడిన ఇంగ్లీషు మాటలు: తెలుగు వాడుకలో హోటలు అంటే ఫలహారం, భోజనం దొరికే చోటు కూడా. ఇంగ్లీషులో ప్రధానంగా బస చేసే చోటు. తరగతిలో అడిగే ప్రశ్నను తెలుగువారు డౌటు అంటారు. ఇంగ్లీషులో ఆ పదానికి ప్రధానార్థం అనుమానం, నమ్మకం లేకపోవడం.

తెలుగు విద్యార్థులలో పద పట్టికలను కంఠస్థం చేసే అలవాటు వ్యాపించడానికి అమెరికాలో ఉన్నత విద్యకు అవసరమయ్యే జీఆర్ఈ పరీక్ష ఒక కారణం. 2011 ఆగస్టుకు ముందు ఈ పరీక్షలో వ్యతిరేకపదాలు, పద సాదృశ్యాలు అడిగేవారు. పదానికి ఒక్క మాటలో అర్థం తెలిసినా వీటిలో కొన్నింటికి సమాధానం గుర్తించగలిగేవారు. అందువల్ల వేలాది పదాల పట్టికలు ప్రచారంలోకి వచ్చాయి. 2011 ఆగస్టులో ప్రవేశపెట్టిన కొత్త విధానంలో ఈ రెండు రకాల ప్రశ్నలను తొలగించి, వాక్యాలలోని ఖాళీలను పూరించే ప్రశ్నలకు ప్రాధాన్యమిచ్చారు. ఈ మార్పుతో పదం వాక్యంలో ఎలా ఇముడుతుందో తెలియడం పరీక్షకు కూడా అవసరమయింది.

ఏ పదాలు ముందు నేర్చుకోవాలి

ఇంగ్లీషులో లక్షల పదాలున్నా, అన్నింటి వాడుక సమానం కాదు. మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన "జనరల్ సర్వీస్ లిస్ట్" లో సుమారు 2,000 అత్యవసర పదాలున్నాయి. విద్యా విషయక గ్రంథాలలో తరచుగా వచ్చే 570 పద కుటుంబాలను ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఒక పట్టికగా ప్రకటించింది. అటువంటి గ్రంథాలలోని మొత్తం పదాలలో వీటి వాటా దాదాపు 10 శాతం. ఒక మూలపదం, దాని నుండి ఏర్పడిన రూపాలు కలిసి ఒక పద కుటుంబం అవుతుంది. నవలలు, వార్తాపత్రికలు పరుల సహాయం లేకుండా చదవడానికి 8,000 నుండి 9,000 పద కుటుంబాలు అవసరమని పాల్ నేషన్ 2006లో అంచనా వేశాడు.

దీనిని బట్టి మొదటి రెండు మూడు వేల పదాలను క్షుణ్ణంగా, ప్రయోగంతో సహా నేర్చుకోవడం అత్యంత ప్రయోజనకరమని, అరుదైన పదాలను చదువులో ఎదురైనప్పుడు నేర్చుకోవచ్చునని ఉపాధ్యాయులు సూచిస్తారు.

నిఘంటువును ఉపయోగించే విధానం

చదువుతున్నప్పుడు ఎదురైన కొత్త పదాన్ని అభ్యాసకుల నిఘంటువులో చూసేటప్పుడు సాధారణంగా ఈ క్రమాన్ని పాటిస్తారు.

1. పదం వచ్చిన వాక్యంలో అది నామవాచకమా, క్రియయా, విశేషణమా అని గుర్తించడం.
2. నిఘంటువులోని అర్థాలలో ఆ వాక్యానికి సరిపోయేదానిని ఎంచుకోవడం. మొదటి అర్థమే సరైనదని భావించరాదు.
3. ఆ అర్థం కింద ఉన్న ఉదాహరణలన్నింటినీ చదివి, వాటిలో సమానంగా ఉన్న నిర్మాణాన్ని గమనించడం.
4. అదే నిర్మాణంలో తమ జీవితానికి సంబంధించిన ఒక వాక్యాన్ని వ్రాయడం.
5. పదాన్ని, నిర్వచనాన్ని, వాక్యాన్ని పుస్తకంలో వ్రాసుకొని, కొన్ని రోజుల వ్యవధితో పలుమార్లు గుర్తుచేసుకోవడం. నేర్చుకొన్నది కాలక్రమేణా మరుపునకు వచ్చే తీరును జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రయోగపూర్వకంగా వివరించాడు. వ్యవధినిచ్చి చేసే పునశ్చరణ ఒకేసారి చేసే వల్లెవేత కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

"ఛార్జ్" అనే పదం ఈ విధానానికి మంచి ఉదాహరణ. బస్సు ఛార్జీలు, లాఠీఛార్జి, ఛార్జిషీటు, సెల్‌ఫోను ఛార్జింగు, ఇన్‌ఛార్జి అనే వాడుకల వల్ల ఈ మాట తెలుగువారందరికీ పరిచితమే. వీటిలో వరుసగా రుసుము, మీదికి దూకడం, నేరారోపణ, విద్యుత్తు నింపడం, బాధ్యత అనే అర్థాలున్నాయి. నిర్వచనాలు ఈ అయిదింటినీ వేరుచేస్తాయి. అయితే రుసుము అర్థంలో "ఛార్జ్" తరువాత "ఫర్" వస్తుందని, నేరారోపణ అర్థంలో "విత్" వస్తుందని తెలిపేవి "దే ఛార్జ్ టెన్ రుపీస్ ఫర్ పార్కింగ్", "ది పోలీస్ ఛార్జ్‌డ్ హిమ్ విత్ థెఫ్ట్" వంటి ఉదాహరణలు.

పరిమితులు

అభ్యాసకుల నిఘంటువును ఉపయోగించుకోవడానికి నిర్వచన పదజాలంలోని పదాలు ముందుగా తెలిసి ఉండాలి. అందుచేత ప్రారంభ దశలో ఉన్నవారికి ద్విభాషా నిఘంటువే అనుకూలం. చెట్లు, చేపలు, వంట దినుసుల వంటి వాటి పేర్లకు ఎంత చక్కని నిర్వచనమైనా ఒక తెలుగు మాటకు సాటిరాదు. "జీలకర్ర" అంటే చాలినచోట ఆ గింజ రంగు, రూపం, వాసన వర్ణించే నిర్వచనం పాఠకుని తికమకపెడుతుంది. పరిమిత పదజాలంతో వ్రాయడం వల్ల కొన్ని నిర్వచనాలలో సూక్ష్మత లోపిస్తుంది. ఉదాహరణ వాక్యాలు బ్రిటిషు, అమెరికా జీవన విధానాన్ని ప్రతిబింబించేవి కావడంతో ఇతర దేశాలవారికి కొన్ని సందర్భాలు అపరిచితంగా ఉంటాయి. ఏ నిఘంటువైనా కొద్ది ఉదాహరణలనే ఇవ్వగలదు కనుక, పదం మీద పట్టు రావడానికి విస్తృతంగా చదవడం, వినడం కూడా అవసరం.

ఇవి కూడా చూడండి

* నిఘంటువు
* ఆంగ్ల భాష
* చార్లెస్ ఫిలిప్ బ్రౌన్
* పర్యాయపదం
* ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం